పసుపు మల్లె పొద పూయాలంటే కత్తెర ఎప్పుడు పట్టాలి?

పసుపు పూల మల్లె పొదల గురించి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ఫిర్యాదు: మొక్క ఏపుగా పెరుగుతోంది, పూత మాత్రం రావడం లేదు. చాలా సందర్భాల్లో తప్పు మొక్కది కాదు, కత్తిరించిన వేళది. ఆ వేళ రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి రకం గుర్తుపట్టడం గురించిన ఉత్తరాన్నే ముందు తీసుకుంటున్నాం.

ప్రశ్న: నర్సరీ వాళ్లు కట్టిన చీటీ మీద ‘యెల్లో జాస్మిన్’ అని తప్ప ఇంకేమీ లేదు. ఆకులు మూడేసి కలిసి ఉన్నాయి. ఇంకా పూత పట్టలేదు. పూలు చూడకుండా రకం తెలుసుకునే వీలుందా?

ఉంది. ఒక రెమ్మ పట్టుకుని కణుపుల దగ్గర చూడండి. ఒక్కో కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, లేక కణుపుకు ఒక్క ఆకే ఉండి ఒకటి ఇటు, తర్వాతది అటు మారుతూ పోతున్నాయా? ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ మొక్కల్లో ఒక ఆకు అంటే ఒకే కాడకు పుట్టిన చిట్టాకులన్నీ కలిపి. మూడు చిట్టాకులు కలిసిన గుత్తి మొత్తాన్ని ఒక్క ఆకుగానే లెక్కపెట్టాలి.

ఎదురెదురుగా ఉండి, ఒక్కో ఆకులో మూడు చిట్టాకులుంటే అది రెండింటిలో ఒకటి. మొదటిది ప్రిమ్‌రోజ్ జాస్మిన్, అంటే జాస్మినమ్ మెస్నీ. దీని సొంత నేల నైరుతి చైనా. పలకలుగా ఉండే ఆకుపచ్చ కొమ్మలు రెండు మూడు మీటర్లు సాగి విల్లులా వంగుతాయి. ఏడాది పొడవునా ఆకు ఉంటుంది. పువ్వు మూడు నుంచి నాలుగున్నర సెంటీమీటర్లు, తరచూ ఆరు నుంచి పది రెక్కలతో ముద్దగా ఉంటుంది. చలికాలం చివర మొదలై వసంతమంతా పూస్తుంది. రెండోది వింటర్ జాస్మిన్, జాస్మినమ్ న్యూడిఫ్లోరమ్. దీని ఆకులు చిన్నవి, చలికాలంలో రాలిపోతాయి. ఆకు లేని పచ్చటి పుల్లల మీదే రెండు, రెండున్నర సెంటీమీటర్ల పూలు విచ్చుకుంటాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ 1844లో చైనా నుంచి బ్రిటన్‌కు తెచ్చిన మొక్క ఇదే. గడ్డకట్టే చలిని బాగా ఓర్చుకునేదీ ఇదే.

కణుపుకు ఒక్క ఆకే ఉండి, ఆకులో మూడు నుంచి ఏడు దాకా చిట్టాకులుంటే అది ఎక్కువగా జాస్మినమ్ హ్యూమిలే అయి ఉంటుంది. ఇటాలియన్ జాస్మిన్ అని అమ్ముతారు గానీ పుట్టిల్లు ఇటలీ కాదు, హిమాలయాలూ వాటికి అటూ ఇటూ ఉన్న కొండ ప్రాంతాలు. అయిదు రెక్కల చిన్న పూలు గుత్తులుగా, రెమ్మల చివర్లలో, వసంతం చివరి నుంచి వేసవిలో పూస్తాయి. మధ్యధరా ప్రాంతపు జాస్మినమ్ ఫ్రూటికాన్స్, 30 సెంటీమీటర్లకు మించి పెద్దగా ఎత్తు పెరగని జాస్మినమ్ పార్కరై కూడా ఈ ఒంటి ఆకు జట్టులోవే. ఈ జట్టును విడదీసి క్రైసోజాస్మినమ్ అనే పేరు కింద పెట్టిన శాస్త్రజ్ఞులున్నారు. కొత్త చీటీల మీద ఆ పేరు కనిపిస్తే వేరే మొక్క అనుకోకండి.

మీ మొక్కకు మూడేసి చిట్టాకులున్నాయి కాబట్టి, ఆకులు ఎదురెదురుగా కూడా ఉంటే మెస్నీకే అవకాశం ఎక్కువ. చలికాలం దాకా ఆగండి. ఆకు నిలిస్తే మెస్నీ, రాలితే వింటర్ జాస్మిన్.

ప్రశ్న: రెండు మెస్నీ మొక్కలు తెచ్చాను. గుంత ఎంత తీయాలి, మట్టిలో ఏం కలపాలి, మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం ఉంచాలి?

గుంత తీయడానికి ముందు నీరు ఇంకుతుందో లేదో చూడండి. ఈ పొదలు మట్టి రకం విషయంలో అంత పట్టింపు ఉన్నవి కావు. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం బతకవు. ఒక అడుగు లోతు గుంత తవ్వి నీటితో నింపండి. పూర్తిగా ఇంకాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో కొలవండి. మూడు సెంటీమీటర్లకన్నా తక్కువ దిగితే అక్కడ గుంతలో నాటవద్దు. 25 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. బంకమట్టిలో గుంత తీసి అందులో ఇసుక నింపడం చాలామంది చేసే పని. దానివల్ల చుట్టుపక్కల నీరంతా ఆ గుంతలోకే చేరుతుంది, వేళ్లు కుళ్లుతాయి.

నీరు బాగా దిగే నేలైతే వేరుముద్దకు రెండింతల వెడల్పు గుంత చాలు. లోతు వేరుముద్ద ఎత్తుకు మించవద్దు. ఎక్కువ తవ్వి కింద వదులు మట్టి పోస్తే కొన్నాళ్లకు అది అణిగి మొక్క కిందికి దిగిపోతుంది, కాండం మొదలు మట్టిలో పడుతుంది. తవ్విన మట్టి మూడు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ కంపోస్టు గానీ ఒక పాలు కలిపి పూడ్చండి. రసాయన ఎరువు గుంతలో వేయవద్దు, లేత వేళ్లు మాడతాయి. కవర్లో చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే పదునైన కత్తితో వేరుముద్ద పక్కల మూడు నాలుగు చోట్ల పైనుంచి కిందికి గీత పెట్టండి. అలా చేయకపోతే వేళ్లు ఆ చుట్టలోనే తిరుగుతుంటాయి, బయటి మట్టిలోకి పోవు.

ఒక్కో మెస్నీ అటూ ఇటూ రెండు మూడు మీటర్లు పరుచుకుంటుంది. విడి పొదలుగా కావాలంటే రెండున్నర మీటర్లు, కంచెలా కలిసిపోవాలంటే మీటరున్నర ఎడం ఇవ్వండి. గోడకు కనీసం మీటరు దూరం ఉండాలి. కొమ్మలు కిందికి వాలే స్వభావం ఉన్నందున ఎత్తయిన గట్టు అంచునో, అడ్డుగోడ పైభాగానో పెడితే ఈ మొక్క అందం పూర్తిగా బయటపడుతుంది. చదును నేల మీద పెట్టి గుండ్రంగా కత్తిరించడం కన్నా అదే దీనికి తగిన చోటు.

ఎండ రోజుకు ఆరు గంటలు తగలాలి. ఎండ మరీ తీవ్రంగా ఉండే చోట మధ్యాహ్నం తర్వాత కాస్త నీడ ఉన్నా ఇబ్బంది లేదు. మొదటి ఏడాది వానలు లేనప్పుడు వారానికి రెండుసార్లు, ప్రతిసారీ 10 లీటర్లు పాదులో నిదానంగా ఇంకేలా పోయండి. రోజూ కొంచెం కొంచెం చల్లితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. ఎండుటాకులో గడ్డో అయిదారు సెంటీమీటర్ల మందాన పాదులో కప్పి, కాండం చుట్టూ జానెడు మేర ఖాళీగా వదలండి.

ప్రశ్న: నాటి నాలుగేళ్లు. పొద నిండా ఆకే. ఏటా చలి మొదలయ్యే ముందు చక్కగా గుండ్రంగా కత్తిరిస్తున్నాం, ఎరువు కూడా వేస్తున్నాం. అయినా పూలు పది కూడా రావు. ఎందుకు?

పూలను మీరే కత్తిరించి పారేస్తున్నారు. మెస్నీ, వింటర్ జాస్మిన్ రెండూ కిందటి కాలంలో పెరిగిన కొమ్మల మీద పూస్తాయి. వసంతంలో పూత అయిపోయాక కొత్త కొమ్మలు వస్తాయి. వేసవిలోనూ ఆ తర్వాతా అవి ముదురుతాయి. వచ్చే పూతకు మొగ్గలు కట్టేది వాటి కణుపుల్లోనే. చలికి ముందు పొద పైభాగమంతా కోసేస్తే మొగ్గలున్న కొమ్మలే పోతాయి. మిగిలేది లోపలి పాత కట్టె. దాని మీద పూత ఉండదు.

చివరి పూలు రాలుతున్నప్పుడే కత్తెర పట్టండి. నెల రోజుల లోపు పని ముగించాలి. ముందుగా ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తీయండి. ఆ తర్వాత బాగా ముదిరి బెరడు గోధుమ రంగుకు తిరిగిన కాండాల్లో నాలుగో వంతు, నేల దగ్గరికి కోసేయండి. మిగిలినవాటిలో పూసిన కొమ్మలను బలమైన పక్కరెమ్మ ఉన్న చోటికి తగ్గించండి. కంచె కత్తెరతో పైపైన చదును చేయవద్దు. అలా చేస్తే బయటి అంచున మాత్రం చిగుళ్లు దట్టంగా వచ్చి, లోపలికి వెలుతురు అందక పొద డొల్లగా తయారవుతుంది. చేతి కత్తెరతో ఒక్కో కొమ్మ చూసి కోయాలి. పెద్ద పొదకు గంటన్నర పట్టినా అది వృథా కాదు. వేసవి సగం దాటాక మళ్లీ కత్తెర ముట్టవద్దు.

ఇక ఎరువు. నత్రజని ఎక్కువైతే ఆకు, కొమ్మ పెరుగుతాయి, మొగ్గ తగ్గుతుంది. యూరియా వేస్తుంటే ఆపేయండి. పక్కనే పచ్చిక ఉంటే దానికి వేసే ఎరువు కూడా ఈ వేళ్లకు అందుతుందని గుర్తుంచుకోండి. పొదకు ఏడాదికొకసారి, కత్తిరింపు కాగానే, చివికిన ఎరువు మూడు నాలుగు కిలోలు చాలు. నేల మరీ పేలవమైతే నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న గుళికలు 50 గ్రాములు పాదు అంచున చల్లి నీరు పెట్టండి.

ఈ రెండూ సరిదిద్దినా పూత రాకపోతే ఎండ చాలడం లేదేమో చూడండి. పక్కన చెట్టు పెరిగి నాలుగేళ్లలో నీడ కమ్మేసి ఉండవచ్చు. చలి సంగతి కూడా ఉంది. చలికాలపు రాత్రులు కూడా వెచ్చగా ఉండే చోట మెస్నీ పూత పలచబడుతుంది, వింటర్ జాస్మిన్ అయితే దాదాపు పూయదు. అలాంటి చోట వింటర్ జాస్మిన్ కొనకపోవడమే మంచిది.

ప్రశ్న: మాది హ్యూమిలే. దీనికీ అదే పద్ధతా?

సూత్రం అదే, పూత ముగిశాక కత్తిరించడం. వేళ మాత్రం వేరు. ఇది వేసవిలో పూస్తుంది కాబట్టి పూత అయ్యేసరికి వేసవి చివరికి వస్తుంది. చలి త్వరగా ముంచుకొచ్చే చోట అప్పుడు గట్టిగా కోస్తే లేత చిగుళ్లు చలికి మాడతాయి. అందుకని తేలిగ్గా సరిపెట్టండి. రెండు మూడేళ్లకోసారి ముసలి కాండాలు రెండు మూడు మొదలంటా తీస్తే చాలు. పూసిన గుత్తుల కింద నల్లటి చిన్న కాయలు కడతాయి. విత్తనాల వల్ల మొక్కలు అక్కడక్కడా మొలవకూడదనుకుంటే కాయలు పండకముందే తుంచేయండి. అవి తినే కాయలు కావు.

ప్రశ్న: పాత ఇంటితో పాటు వచ్చిన మెస్నీ పొద పెద్ద చిక్కుముడిలా ఉంది. లోపలంతా ఎండు పుల్లలే. తీసేసి కొత్తది నాటాలా?

అక్కర్లేదు. ఈ మొక్క మొదలు నుంచి మళ్లీ బాగా చిగురిస్తుంది. రెండు దారులున్నాయి. పూత ముగియగానే మొత్తం పొదను 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తుకు నరికేయవచ్చు. మరుసటి ఏడాది పూత ఉండకపోవచ్చు, ఉన్నా తక్కువే. రెండో దారి మూడేళ్లది: ఏటా పూత కాగానే కాండాల్లో మూడో వంతు, బాగా ముసలివి చూసి, నేల దగ్గరికి కోయడం. పూత పూర్తిగా ఆగదు, మూడో ఏటికి పొదంతా కొత్తదవుతుంది. పొద ఆరోగ్యంగా ఉంటే రెండో దారే మేలు. లోపల కుళ్లు, పొలుసు పురుగు ఉంటే ఒకేసారి నరకడం మంచిది.

ఏ దారి పట్టినా ఆ వేసవిలో నీటికి లోటు రానివ్వకండి. మొదలు నుంచి వచ్చే కొత్త కొమ్మల్లో బలమైనవి పది పన్నెండు ఉంచి, సన్నవి తీసేయండి. అన్నీ వదిలితే మూడేళ్లలో మళ్లీ అదే చిక్కుముడి. ఇంకో మాట, ఇలాంటి పాత పొదల చుట్టూ నేలకు తగిలిన కొమ్మలు వేరు పోసుకుని పిల్ల పొదలుగా మారి ఉంటాయి. అవి ఎక్కడున్నాయో చూసుకుని, వద్దనుకున్నవి వేళ్లతో సహా తవ్వేయాలి. పైన కోస్తే పోవు.

ప్రశ్న: కొత్త ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. నీళ్లు ఎక్కువయ్యాయా?

ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే, అదీ లేత ఆకుల్లో ముందుగా కనిపిస్తే, ఇనుప ధాతువు అందడం లేదన్నమాట. సాధారణంగా నేలలో ఇనుము ఉంటుంది. సున్నం ఎక్కువైన క్షార నేలలో వేళ్లు దాన్ని తీసుకోలేవు. కొత్తగా కట్టిన గోడ పక్కన సిమెంటు, సున్నం ముక్కలు మట్టిలో కలిసిన చోట ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

తాత్కాలికంగా అన్నభేది (ఇనుప లవణం, ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము లీటరు నీటిలో కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. పది రోజులకోసారి, మూడుసార్లు. అన్నభేదిని క్షార నేలలో మట్టికి వేయడం దండగ, కొద్ది రోజుల్లోనే మొక్కకు అందని రూపంలోకి మారిపోతుంది. మట్టికి వేయాలంటే చీలేటెడ్ ఐరన్ కొనండి, అందులోనూ ఈడీడీహెచ్ఏ రకం. ఈడీటీఏ రకం క్షార నేలలో నిలవదు, కాబట్టి ప్యాకెట్ మీద ఏది రాసి ఉందో చూసి తీసుకోండి. మోతాదు ప్యాకెట్ మీద ఉన్నంతే, నీటిలో కలిపి పాదులో పోయాలి. ఏటా కంపోస్టు వేస్తూ పోతే ఈ బాధ నెమ్మదిగా తగ్గుతుంది.

ముందు కింది ముదురాకులు పసుపైతే కథ వేరు, నత్రజని తక్కువైందని అర్థం. ఈనెలతో సహా ఆకంతా పసుపై వేలాడుతుంటే, మట్టి తడిగా ఉంటే, అప్పుడు మీరన్నట్టు నీరు ఎక్కువైందేమో చూడాలి. ఒక వేరు తీసి గీకితే తెల్లగా ఉందా, గోధుమ రంగులో మెత్తబడిందా తెలుస్తుంది.

ప్రశ్న: కుండీలో పెంచవచ్చా?

హ్యూమిలే, పార్కరై బాగా కుదురుతాయి. మెస్నీ అయితే కనీసం 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీ కావాలి, ఎత్తయిన చోట పెడితే కొమ్మలు కిందికి జారతాయి. తోట మట్టి నాలుగు పాళ్లు, కంపోస్టు మూడు, ముతక ఇసుక మూడు. రెండేళ్లకోసారి, పూత అయ్యాక, మొక్కను బయటికి తీసి వేరుముద్ద చుట్టూ రెండంగుళాల మేర వేళ్లు కోసి కొత్త మట్టితో మళ్లీ పెట్టండి. కింద పళ్లెంలో నీరు నిలవనివ్వకండి.

ప్రశ్న: ఉన్న మొక్క నుంచి మరిన్ని చేసుకోవాలి. కొమ్మలు గుచ్చితే ఎండిపోతున్నాయి.

మెస్నీకి, వింటర్ జాస్మిన్‌కు అంటు తొక్కడం అన్నిటికన్నా సులువు. నేల వైపు వాలిన ఏడాది వయసు కొమ్మ ఎంచుకోండి. చివరి నుంచి ఓ అడుగు వెనక్కి వచ్చి, ఒక కణుపు కింద బెరడు మీద ఏటవాలుగా చిన్న గాటు పెట్టండి. అక్కడ నాలుగు సెంటీమీటర్ల లోతు గాడి తీసి కొమ్మను వంచి, వంగిన తీగముక్కతో బిగించి మట్టి కప్పండి. చివర మాత్రం బయటికి నిటారుగా ఉండాలి. మట్టి ఆరకుండా చూస్తే రెండు మూడు నెలల్లో వేరు పడుతుంది. తల్లి మొక్క నుంచి కోసిన వెంటనే తవ్వకండి. కోసి, రెండు వారాలు అక్కడే ఉంచి, తర్వాత తీయండి.

కొమ్మలు గుచ్చాలంటే వేళ, ముదురు రెండూ కుదరాలి. పూత ముగిశాక వచ్చిన కొత్త కొమ్మలు కాస్త గట్టిపడి, వంచితే విరగకుండా ఒంగే దశలో 10, 12 సెంటీమీటర్ల ముక్కలు తీయండి. కింది కోత కణుపుకు సరిగ్గా దిగువన ఉండాలి. కింది ఆకులు తీసి, పైన రెండు జతలు ఉంచండి. వేర్లు పోసే హార్మోను పొడి అద్ది, కోకోపీట్, ఇసుక సగం సగం కలిపిన మిశ్రమంలో సగం లోతుకు గుచ్చండి. మీ కొమ్మలు ఎండిపోవడానికి కారణం దాదాపుగా గాలి పొడిగా ఉండటమే. వేరు లేని ముక్క ఆకుల ద్వారా నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది. కుండీని పారదర్శకమైన పాలిథిన్ కవరుతో కప్పి, నేరుగా ఎండ పడని వెలుతురులో పెట్టండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లొస్తాయి. మెల్లగా లాగితే ఎదురు బలం తెలియాలి. తర్వాత వారం రోజులు కవరు కొంచెం కొంచెంగా తెరుస్తూ గాలికి అలవాటు చేయండి.

ప్రశ్న: ఆకులు జిగురుగా ఉండి, వాటి మీద నల్లటి మసి పట్టింది. తుడిస్తే పోతోంది, మళ్లీ వస్తోంది.

మసి అసలు జబ్బు కాదు. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, పొలుసు పురుగుల్లో ఏదో ఒకటి రసం పీల్చి తేనెలాంటి జిగురు వదులుతోంది. ఆ జిగురు మీద పెరిగే బూజే ఈ మసి. లేత చిగుళ్లు, ఆకుల అడుగు, కొమ్మల పంగలు వెతకండి. చీమలు పైకీ కిందికీ తిరుగుతుంటే వాటి దారి పట్టుకుని వెళ్తే పురుగు దొరుకుతుంది.

పేనుబంకకు రెండు మూడు రోజులు వరుసగా నీటిని బలంగా కొట్టడమే చాలు. పిండినల్లి, పొలుసు పురుగు ఉంటే ముందు బాగా పట్టిన కొమ్మలు కోసి దూరంగా పారేయండి. మిగిలినవాటికి లీటరు నీటికి వేప నూనె 5 మిల్లీలీటర్లు, అది నీటిలో కలవడానికి సబ్బు ద్రావణం 1, 2 మిల్లీలీటర్లు కలిపి, ఆకు అడుగున తడిసేలా సాయంత్రం పిచికారీ చేయండి. వారం ఎడంతో మూడుసార్లు. మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. పూత మీదున్న పొదకు కొట్టవద్దు, తేనెటీగలు వాలుతుంటాయి. చీమలను ఆపకపోతే పురుగు మళ్లీ వస్తుంది, ఎందుకంటే జిగురు కోసం చీమలే దాన్ని కాపాడతాయి.

ప్రశ్న: పసుపు మల్లెకు వాసన ఉండదా?

మెస్నీకి, వింటర్ జాస్మిన్‌కు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. హ్యూమిలేకు తేలికపాటి పరిమళం ఉంటుంది. వాసనే ముఖ్యమైతే అందులో ‘రివల్యూటమ్’ రకం అడగండి, పూలు కూడా పెద్దవి.

ప్రశ్న: పందిరి మీదికి పాకే పసుపు మల్లె, మంచి వాసన ఉంటుందని చెప్పి ఒకరు మొక్క ఇచ్చారు. కొమ్మ తీగలా చుట్టుకుంటోంది. ఆకులు విడివిడిగా, నున్నగా మెరుస్తున్నాయి. ఇది ఏది?

మీ వర్ణన పైన చెప్పిన పసుపు మల్లెల్లో దేనికీ కుదరడం లేదు. కరోలినా జాస్మిన్ పేరుతో అమ్మే జెల్సీమియమ్ సెంపర్‌వైరెన్స్ కావచ్చు. పేరులో జాస్మిన్ ఉన్నా కుటుంబమే వేరు. ఆకులు చిట్టాకులుగా చీలకుండా ఒంటిగా, ఎదురెదురుగా ఉంటాయి. పువ్వు గరాటులా ఉండి వాసన వేస్తుంది. ఎండిన కాయ పగిలితే లోపల పలచటి విత్తనాలు కనిపిస్తాయి. మల్లె జాతిలోనైతే గుజ్జు కాయలుంటాయి.

ఈ తేడా తెలియడం చాలా అవసరం, ఎందుకంటే ఈ తీగలో వేరు నుంచి పువ్వులోని మకరందం దాకా అంతా విషం. పిల్లలు పువ్వు కాడ పీల్చి ప్రమాదంలో పడిన సందర్భాలున్నాయి. పశువులకూ, తేనెటీగలకూ హానికరమే. చిన్నపిల్లలున్న ఇంట్లో, పశువులు మేసే చోట ఉంచవద్దని మా గట్టి సలహా. తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, రసం కళ్లకు తగలనివ్వకండి, కోసిన తీగను కాల్చకుండా పాతిపెట్టండి. ఎవరైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే లక్షణాల కోసం ఆగవద్దు. ఒక రెమ్మ, పువ్వు కవరులో వేసుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొక్క చూపిస్తే డాక్టర్ల పని తేలికవుతుంది.